రికార్డ్ బటన్ దగ్గరే తప్పిన షెడ్యూల్: ఒక బైక్ ఛానెల్ కేసు

హనుమకొండలో నాకు పెళ్లి వీడియోల స్టూడియో ఉంది. పదకొండేళ్లుగా అదే బతుకుదెరువు. నాలుగేళ్ల నుంచి దాని పక్కన ఇంకో పని తగులుకుంది. యూట్యూబ్ ఛానెల్ పెట్టుకున్న కుర్రాళ్లు వచ్చి "అన్నా, వ్యూస్ వస్తలేవు, ఏం చెయ్యాలె" అని అడుగుతారు, నేను కూర్చుని చూసి చెబుతాను. మొదట్లో చాయ్ తాగించి పంపేవాణ్ణి, ఇప్పుడు ఫీజు తీసుకుంటున్నాను. వంట ఛానెళ్లు, పొలం ఛానెళ్లు, బతుకమ్మ పాటల ఛానెళ్లు కలిపి ఇరవై దాకా చూసి ఉంటాను. వాటిలో ఈ ఒక్కటి రాసి పెట్టడానికి కారణం ఉంది. ఇందులో నేనిచ్చిన మొదటి రెండు సలహాలూ తప్పాయి. రెండోదాని వల్ల ఒక పిల్లగాడికి చెయ్యి విరిగేదే.

అతన్ని ఇక్కడ రాజు అంటాను. అది అసలు పేరు కాదు. ఛానెల్ పేరు, ఊరు, కొన్ని తేదీలు కూడా మార్చాను. చేసే ఉద్యోగాన్ని మాత్రం మార్చలేదు, అది మారిస్తే కేసులో ఏమీ మిగలదు.

నేపథ్యం

రాజుకు 26 ఏళ్లు. డిగ్రీ అయ్యాక బండ్లకు అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ పనికి చేరాడు. పొద్దున తొమ్మిదికి బయలుదేరి, వరంగల్‌కు ఉత్తరాన ఉన్న మండలాల్లో ఊరూరా తిరిగి, కిస్తీ ఆగిపోయినవాళ్లను కలిసి, రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరతాడు. రోజుకు వంద కిలోమీటర్లకు తగ్గదు. అదంతా వాళ్ల బాపు కొన్న పాత స్ప్లెండర్ మీద. ఆదివారం మాత్రం దోస్తు దగ్గర హిమాలయన్ అనే పెద్ద బైక్ అడిగి తెచ్చుకుంటాడు. అప్పటికి ఛానెల్‌లో ఉన్న వీడియోలన్నీ ఆ ఆదివారం బండి మీద తీసినవే. రామప్ప గుడి, లక్నవరం, పాకాల చెరువులు, వానాకాలంలో బొగత జలపాతం. వరంగల్ బైక్ కుర్రాళ్లందరూ తిరిగే దారులే.

కెమెరా కిస్తీల మీద కొన్నాడు. ఊళ్లో జనం కిస్తీలు వసూలు చేసే మనిషి తన కెమెరా కిస్తీ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేవాడు. ఫుల్ ఫేస్ హెల్మెట్, దాని గడ్డం దగ్గర కెమెరా మౌంట్, లోపల చెంప పక్కన స్పాంజి కప్పిన చిన్న మైకు. ఆ సెటప్‌లో నాకు తప్పు దొరకలేదు. మైకును గాలికి అందకుండా దాచడం చాలామందికి ఏడాదికి గానీ రాదు, ఇతనికి మొదటి నెలలోనే వచ్చింది.

వచ్చిన ఇబ్బంది

కుర్చీలో కూర్చోకముందే అన్న మాట: "అన్నా, నాకు డిసిప్లిన్ లేదన్నా. గదే ప్రాబ్లం."

రోగం పేరు తనే చెప్పుకుంటూ వచ్చిన మనిషిని మంచి డాక్టరు ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాడు. నేను అడగలేదు, నమ్మేశాను.

ఛానెల్ పెట్టి 14 నెలలు, 31 వీడియోలు, దాదాపు 1,900 మంది సబ్‌స్క్రైబర్లు. యాడ్స్ డబ్బు రావాలంటే యూట్యూబ్‌లో 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దాంతోపాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్, అంటే జనం చూసిన సమయం, ఉండాలి. అది కాదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. రాజు మొదటి మెట్టు ఎక్కి, రెండోదానిలో 1,100 గంటల దగ్గర ఆగిపోయాడు. వీడియోలు చూస్తే ఒక వారం రెండు, తర్వాత మూడు వారాలు ఏమీ లేదు, మళ్లీ ఒకటి. ఖాళీ తర్వాత వచ్చిన ప్రతి వీడియో మొదలయ్యేది ఒకే మాటతో: "సారీ ఫ్రెండ్స్, చాలా రోజులైంది." లెక్కపెడితే 31లో ఎనిమిది అలాంటివే. ఎంతమంది ఎంతసేపు చూశారో చెప్పే గ్రాఫ్ ఆ ఎనిమిదింటిలోనూ మొదటి అర నిమిషంలోనే జారుడుబండలా ఉంది. లక్నవరం దారి ఎలా ఉందో వెతుక్కుంటూ వచ్చినవాడికి రాజు మూడు వారాలు కనపడలేదన్న సంగతే తెలియదు. ఆ సారీ ఎవరికి చెబుతున్నట్టు?

ఆ ఒక్క ముక్క మాత్రం ఆ రోజే కత్తిరించమన్నాను. మొదటిరోజు నేను చెప్పినవాటిలో నిలబడింది అదొక్కటే.

మొదటి సలహా: ముహూర్తం పెట్టేయడం

మా పనిలో ఒకటుంది. ముహూర్తం పెట్టాక పెళ్లి ఆగదు. కార్డులు పంచాక మండపం దొరక్కపోయినా, వంటవాడు మానేసినా, ఏదోలా అయిపోతుంది. రాజుకు కూడా అదే చెప్పాను. బుధవారం, ఆదివారం సాయంత్రం ఏడింటికి పెద్ద వీడియో, రోజుకొక షార్ట్. ఛానెల్‌లో అందరికీ చెప్పెయ్, చెప్పాక వెనక్కి పోలేవు.

నా ఆలోచన ఇలా నడిచింది. గంటలు పెరగాలంటే వీడియోలు పెరగాలి. వీడియోలు పెరగాలంటే క్రమం ఉండాలి. క్రమం లేని మనిషికి పదిమందిలో పరువు పోతుందన్న భయమే క్రమం నేర్పుతుంది. పెళ్లి వెనక నలభై మంది చేతులు ఉంటాయని, ఇక్కడ రాత్రి తొమ్మిది దాటాక లాప్‌టాప్ తెరిచే ఒక్క మనిషే ఉన్నాడని నాకు తట్టలేదు.

నాలుగు వారాలు బండి నడిచింది. షార్ట్స్ వల్ల సబ్‌స్క్రైబర్లు 2,600 దాకా పోయారు. రాజు సంబరపడ్డాడు, నేనూ పడ్డాను. గంటలు మాత్రం అక్కడే ఉన్నాయి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. షార్ట్ చూసినవాళ్లు పెద్ద వీడియోకు వస్తారని అనుకున్నాను, రాలేదు. షార్ట్ చూసేవాడు మలుపులో ఒరిగిన బండిని ఇరవై సెకన్లు చూసి పోతాడు. రామప్ప వీడియో చూసేవాడు ఇద్దరు పిల్లలతో పోవాలి, జంగాలపల్లి దగ్గర ఎటు తిరగాలి, పార్కింగ్ ఎక్కడ అని చూస్తాడు. వీళ్లిద్దరూ వేరే మనుషులు.

ఐదో వారం బుధవారం తప్పింది. ఆదివారమూ తప్పింది. తర్వాత వచ్చిన వీడియోలో మళ్లీ "సారీ ఫ్రెండ్స్". ఈసారి మాట ఇచ్చి తప్పాడు కాబట్టి ఆ సారీ ఇంకా పొడుగైంది.

రెండో సలహా: ఎడిటింగ్ నేనే చేస్తా

ఎడిటింగ్ దగ్గర ఆగుతోందని రాజు అన్నాడు. అది నిజమే అనిపించి, నేనే చేస్తానన్నాను. అప్పటికి నవంబర్ వచ్చింది, పెళ్లిళ్ల సీజన్. నాకు ఖాళీ దొరికేది సోమవారం మధ్యాహ్నం దాకానే. అందుకని ఆదివారం రాత్రి తొమ్మిదికల్లా మెమరీ కార్డు నా టేబుల్ మీద ఉండాలని షరతు పెట్టాను.

రెండు తప్పులు జరిగాయి. ఒకటి చిన్నది. పెళ్లి వీడియోలు కోసే చేతితో రాజు వీడియోలు కోశాను. హెల్మెట్ లోపల అతను గొణుక్కునేవి, ట్రాక్టర్ వెనక ఇరుక్కున్నప్పుడు దానితో మాట్లాడేవి, అన్నీ తీసేసి పాట వేశాను. నీటుగా వచ్చింది. కింద ఒకరు రాశారు: "అన్నా, నీ మాటలేవి? ఇది నీ వీడియోనేనా?" నాకు కొంచెం మండింది గానీ అడిగినవాడిదే కరెక్టు.

రెండో తప్పు ఆదివారం రాత్రి తొమ్మిది అన్న షరతు.

వడ్ల కుప్ప

ఆ క్లిప్ నేను సోమవారం పొద్దున చూశాను. రాజు ముందుగా ఏమీ చెప్పలేదు. కార్డు ఇచ్చి పోయాడు, మోచేతికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. అడిగితే "ఏం లేదన్నా, గీసుకుంది" అన్నాడు.

సాయంత్రం ఆరున్నర దాటింది. పెద్ద రోడ్డు మీద లారీలున్నాయని ఊళ్ల మీదుగా వచ్చే దారి పట్టాడు. అది వానాకాలం వరి కోతల టైము. మా దగ్గర సగం రోడ్డు కల్లమే. పగలంతా ఆరబోసిన వడ్లను చీకటి పడేసరికి కుప్ప చేసి, నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. హెడ్‌లైట్ వెలుగులో తారు రోడ్డూ, టార్పాలినూ ఒకే నలుపు. స్క్రీన్ మీద ముందు తెల్లగా ఒక రాయి కనబడింది. తర్వాత ముందు చక్రం మెత్తగా ఎటో పోయింది. తర్వాత ఆకాశం. మైకులో గింజలు హెల్మెట్‌కు తగిలిన చప్పుడు, రేకుల మీద చినుకులు పడ్డట్టు. కెమెరా ఆగలేదు. పక్క ఇంట్లోంచి ఒక ముసలమ్మ టార్చి పట్టుకుని వచ్చింది.

"ఏం బిడ్డా, దెబ్బ తాకిందా? గింత ఉరుకుడు ఎందుకు బిడ్డా?"

రాజు ఏం జవాబు చెప్పాడో మైకులో సరిగ్గా వినబడలేదు. నాకైతే జవాబు తెలుసు. తొమ్మిదికల్లా నా టేబుల్ మీద కార్డు పెట్టాలి, అందుకే ఆ ఉరుకుడు.

జాకెట్‌కు మోచేతి దగ్గర గార్డు ఉంది కాబట్టి తోలు లేవడంతో పోయింది. దోస్తు బండికి క్లచ్ లివర్, ఒక ఇండికేటర్ మార్చాల్సి వచ్చింది. ఆ ఖర్చులో సగం నేను పెట్టుకున్నాను. జాలితో కాదు, లెక్క ప్రకారమే.

ఆ క్లిప్‌ను వీడియోగా పెడదామని రాజు మూడో రోజే అడిగాడు. పెడితే వైరల్ అయ్యేది, చాలామంది చూసేవాళ్లు. మూడు కారణాలు చెప్పి వద్దన్నాను. ముసలమ్మ ముఖం టార్చి వెలుగులో స్పష్టంగా ఉంది, ఆమెను ఎవరూ అడగలేదు. కింద కామెంట్లలో జనం రాజును ఏమీ అనరు, రోడ్డు మీద వడ్లు పోసిన రైతును తిడతారు. ఆరబోయడానికి కల్లం లేకనే రోడ్డు మీదికి వస్తారని పట్నంలో కూర్చుని చూసేవాడికి తెలియదు. మూడోది, ఆ వేగంలో తప్పు మనదే. రాజు రెండు రోజులు అలిగాడు. నెల తర్వాత అదే ఊరికి పగటిపూట పోయి, రైతును అడిగి, ముఖాలు లేకుండా ఒక వీడియో తీశాడు. కోతల టైములో చీకటి పడ్డాక ఊళ్ల మీదుగా పోతే కుప్పను ఎలా గుర్తుపట్టాలి, రాళ్లు ఏ వైపు పెడతారు, ఊరు మొదలయ్యే చోట ఎందుకు తగ్గించాలి. ఏడు నిమిషాలు. కోతలు వచ్చిన ప్రతిసారీ, నవంబర్‌లోనూ ఏప్రిల్‌లోనూ, అది మళ్లీ నడుస్తుంది.

ఆపడం, క్యాలెండర్ తీయడం

ఆ తర్వాత 24 రోజులు ఏమీ పెట్టొద్దన్నాను. రాజుకు టెన్షన్. ఛానెల్ చచ్చిపోతుందన్నాడు. పాత వీడియోలకు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎలాగూ వస్తారు, మూడు వారాలకు పోయేదేమీ లేదని చెప్పాను. లోపల నాకూ భయమే.

మొదటిరోజు చేయాల్సిన పని అప్పుడు చేశాను. స్టూడియో గోడ మీద ముహూర్తాలు చూసుకునే తెలుగు క్యాలెండర్ ఉంటుంది. పాత ఏడాదిది కూడా తీసి, రాజు వీడియో పెట్టిన ప్రతి తారీఖుకూ ఎర్ర స్కెచ్‌తో సున్నా చుట్టాను. 14 నెలలకు సున్నాలు చుట్టి వెనక్కి జరిగి చూస్తే, ప్రతి పేజీలో పైన ఒక తెల్ల ఖాళీ. మూడో తారీఖు నుంచి పధ్నాలుగు దాకా దాదాపు ఏమీ లేదు. నేను పెట్టిన బుధవారం, ఆదివారం షెడ్యూల్ కూలిపోయింది కూడా ఆ ఖాళీలోనే.

"ఇదేంది తమ్మీ, ప్రతి నెలా మూడో తారీఖుకు పోయిన డిసిప్లిన్ పదిహేనుకు మళ్లొస్తదా?"

కాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. "అన్నా, అవి కిస్తీ తారీఖులు."

నెల మొదట్లో కిస్తీలు పడతాయి. బౌన్స్ అయినవాటి లిస్టు అతని ఫోనుకు వస్తుంది. ఆ పది పన్నెండు రోజులు ఆదివారం కూడా ఫోన్లు ఆగవు, ఇంటికి రావడం పదింటికి. ఇందులో బద్ధకం ఎక్కడుంది? తన మీద తాను వేసుకున్న నిందను నేనూ నెలల తరబడి మోశాను.

అప్పటికి సగం విషయమే తెలిసింది. మిగతా సగానికి ఇంకో కాగితం తీశాం. ఒక్క వీడియోకు ఏ పనికి ఎన్ని గంటలు పడుతుందో రెండు వీడియోలకు రాయమన్నాను. లక్నవరం వీడియో లెక్క నా దగ్గర ఇంకా ఉంది. కార్డు నుంచి లాప్‌టాప్‌లోకి ఎక్కించడం గంట. తీసింది చూసుకోవడం ఆరు. కోయడం ఐదు. మాట, శబ్దం సరిచేయడం రెండు. థంబ్‌నెయిల్ (వీడియో మీద కనబడే బొమ్మ), టైటిల్ రెండు. మొత్తం 16 గంటలు. మామూలు రోజుల్లో రాజుకు రాత్రి దొరికేది గంటన్నర. అంటే పదకొండు రాత్రులు. వారానికి ఒకటి అన్నది కూడా గుణకారంలోనే ఫెయిల్. ఇక రెండు పెట్టమన్న నాకు ఏమని చెప్పాలి.

ఆ అంకెల్లో నా కన్ను ఆరు గంటల దగ్గర ఆగింది. పదకొండు నిమిషాల వీడియోకు ఆరు గంటలు చూడటమా? ఎందుకంటే ఇంటి దగ్గర నొక్కిన బటన్‌ను మళ్లీ ఇంటికొచ్చాకే ఆపుతాడు. బ్యాటరీ మార్చినప్పుడు తప్ప కెమెరా ఆగదు. "ఎప్పుడు ఏమైతదో అన్నా, మిస్ అయితే?" 4కే అనే ఎక్కువ క్వాలిటీలో సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన గంటకు 45 జీబీ. 128 జీబీ కార్డు మూడు గంటలకు కూడా చాలదు. అందుకే రెండు కార్డులు, అందుకే ఎక్కించడానికే గంట, అందుకే పాత లాప్‌టాప్ మధ్యలో మొరాయించడం.

పెళ్లిళ్లలో కొత్తగా చేరిన కెమెరా కుర్రాళ్లు కూడా ఇదే చేస్తారు. ఎదుర్కోలు నుంచి అప్పగింతల దాకా కెమెరా ఆపరు. ఏమీ మిస్ కారు, ఎడిటింగ్ టేబుల్ మీద నెలరోజులు కూర్చుంటారు. వాళ్లకు నేను మొదటి వారమే ఈ జబ్బు మాన్పిస్తాను. బైక్ అనేసరికి ఇది వేరే లోకం అనుకుని నా పని నేనే మర్చిపోయాను.

ఏం మార్చాం

రైడ్‌కు పదిసార్లే బటన్ నొక్కాలి. ఒక్కోసారికి రెండు మూడు నిమిషాలు. ఏ పది అన్నది శనివారం రాత్రే కాగితం మీద రాసి ట్యాంకు మీద టేపుతో అంటించాలి: ఊరు దాటే చోటు, రోడ్డు పాడైన ముక్క, మలుపు, చెరువు మొదట కనబడే చోటు, టిఫిన్ ఆగిన చోటు. రెండు ఖాళీగా ఉంచాలి, దారిలో ఏదైనా ఎదురైతే వాటికి. బండి ఆపే నొక్కాలి, నడుస్తుండగా చెయ్యి హ్యాండిల్ వదలకూడదు. ఎక్కువ మాటలు ఆగిన చోటే మాట్లాడాలి, అప్పుడు గాలి శబ్దం గొడవ కూడా సగం పోతుంది.

బాగా వచ్చిందనిపించిన ముక్క అయిపోగానే, బండి ఆపాక, లెన్స్‌ను అరచేత్తో ఒక సెకను మూయమన్నాను. టైమ్‌లైన్ మీద ఆ నల్ల గీత దూరం నుంచే కనబడుతుంది, అన్నీ చూడక్కర్లేదు. ఇది మా పెళ్లి పనిలోది.

4కే మానేసి 1080పికి దిగాం. రాజు దీనికి చాలా గింజుకున్నాడు, కొన్న కెమెరాకు అవమానమన్నాడు. చూసేవాళ్లలో దాదాపు అందరూ ఫోన్లోనే చూస్తున్నారని యూట్యూబ్ స్టూడియో యాప్‌లో చూపించాక ఒప్పుకున్నాడు. ఒప్పుకోలేదేమో, ఊరుకున్నాడు.

పదహారు గంటలు ఆరుకు వచ్చాయి. మొదటి రైడ్‌లోనే రాలేదు. మొదటిసారి పదికి బదులు ముప్పై సార్లు నొక్కి వచ్చాడు. మూడోసారికి కుదిరింది.

తర్వాత క్యాలెండర్. నెలలో పదిహేను నుంచి చివరి దాకానే షూటింగ్, ఎడిటింగ్. మొదటి సగంలో ఏమీ తీయకూడదు, ముందే పెట్టిన వీడియోలు వాటంతట అవే విడుదలవుతాయి. వారానికి ఒక్కటే, శనివారం సాయంత్రం. ఏ గంటకు పెట్టామన్నదానికి వీడియో దీర్ఘకాలపు బతుకుతో పెద్ద సంబంధం లేదు. ఆ గంట రాజు కోసం పెట్టింది, చూసేవాళ్ల కోసం కాదు. ఛానెల్‌లో ఎవరికీ చెప్పొద్దన్నాను. చెప్పకపోతే తప్పినా సారీ ఉండదు.

చేతిలో మూడు వీడియోలు తయారుగా ఉన్నాకే మొదటిది వదలాలన్నది కూడా పెట్టాం. మూడే ఎందుకంటే, కిస్తీల ఖాళీలో రెండు శనివారాలు పోతాయి. ఇంకోటి ఇంట్లో జ్వరానికో, చావుకో, పెళ్లికో. ఐదు చేయమందామా అనుకున్నాను గానీ, రైడ్ వీడియో నిలవ ఉండదు. ఆగస్టులో బొగత నిండుగా దూకుతున్నప్పుడు తీసింది జనవరిలో పెడితే చూసి పోయినవాడు తిడతాడు. పైగా వరద మరీ ఎక్కువైతే అక్కడికి రానివ్వరు, ప్లాన్ చేసుకున్న ఆదివారం ఉత్తిదే అవుతుంది. అంటే నిలవ పెట్టుకునేవి ఏ నెలలో చూసినా పాతబడనివి కావాలి. ఆదివారంతో, వానతో, దోస్తు బండితో పని లేనివి కావాలి.

అలాంటిది ఏముందని వెతుకుతూ పాత వీడియోల కామెంట్లు చదివాం. హిమాలయన్ గురించి అడిగినవి కొన్నే. "అన్నా, వీడియో చివర్ల కనబడ్డ స్ప్లెండర్ ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అన్నది ఒకటి. "రోజూ ఎనబై పోతా, చైన్ శబ్దం వస్తంది" అన్నది ఇంకోటి.

స్ప్లెండర్

రాజుకు సిగ్గు. "అన్నా, బైక్ ఛానెల్ల స్ప్లెండర్ ఎవడు చూస్తడు?" లద్దాఖ్ కలలు కనే కుర్రాడికి వాకిట్లో ఉన్న బండి బండిలా కనబడదు. నేను అతన్ని ఒప్పించలేదు, ఒక్కటి తీసి చూడమన్నానంతే.

చైన్ వీడియో. స్ప్లెండర్‌కు చైన్ మొత్తం రేకు కవర్ లోపల ఉంటుంది. దుమ్ము పడదు, నిజమే, కానీ కనబడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. శబ్దం వచ్చాకే మెకానిక్ దగ్గరికి పోతారు. కవర్‌కు చిన్న రబ్బరు మూత ఉంటుంది, అది తీసి వేలితో చైన్ ఎంత వదులుందో చూడొచ్చని చాలామందికి తెలియదు. రాజు ఫోన్ కెమెరాను ఇటుకల మీద నిలబెట్టి, వాకిట్లో కూర్చుని కవర్ విప్పి చూపిస్తున్నాడు. చైన్‌కు నైంటీ గేర్ ఆయిల్ వేసే దగ్గరికి రాగానే వెనక నుంచి వాళ్ల బాపు గొంతు:

"గా నైంటీ ఆయిల్‌కు పైసలెందుకు రా? ఇంజన్ల తీసిన వేస్టాయిల్ ఉన్నది గదా, అదే పొయ్యి."

"బాపు, అండ్ల ఇనుప రజను ఉంటది, చైన్ తింటది."

"ముప్పై ఏండ్ల సంది పోస్తున్న. ఏ చైన్ను తిన్నది?"

ఐదు నిమిషాలు వాదులాట. రాజు దాన్ని తీసేసి మళ్లీ తీస్తానన్నాడు. నేను ఉంచమన్నాను. నా చేతి కత్తెర ఒకసారి చేసిన పాపం గుర్తుంది. ఆ వీడియోలో జనం ఎక్కువసేపు ఆగింది ఆ వాదులాట దగ్గరే, గ్రాఫ్ అక్కడ పడిపోకుండా కొంచెం పైకి కూడా లేచింది. వేస్టాయిల్ పోసేవాళ్లు బాపు పక్షం, మెకానిక్‌లు రాజు పక్షం, కింద ఒక పంచాయితీ.

తర్వాత వెనక బ్రేక్ బిగించుకోవడం, వానలో ప్లగ్ తడిస్తే ఏం చేయాలి, సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఏం చూడాలి. చివరిదాంట్లో ఫైనాన్స్ బండ్ల గురించి అతనికి బాగా తెలుసు, అయినా కంపెనీ సంగతులు, కస్టమర్ల సంగతులు ఒక్క ముక్క రాకూడదన్నాను. ఛానెల్ ఉందని మేనేజర్‌కు ముందే చెప్పించాను. ఇలాంటి ఒక్కోదానికి రెండున్నర గంటలు చాలు. నెలకు రెండు వాకిలి వీడియోలు, రెండు రైడ్ వీడియోలు అని కుదిరింది.

ఇంకా కుదరనివి

తొమ్మిది నెలల్లో 39 శనివారాలు వచ్చాయి, 34 శనివారాలు వీడియో పడింది. గంటలు ఏడో నెలలో 4,000 దాటాయి. వాటిలో సగానికి పైగా స్ప్లెండర్ వీడియోలవే. డబ్బు సంగతికొస్తే, ఖాతాలో 100 డాలర్లు నిండితే గానీ బ్యాంకుకు పంపరు, రాజుకు మొదటిది రావడానికే నెలలు పట్టింది. వచ్చింది పెట్రోల్‌కు సరి. ఉద్యోగం మానేస్తానని ఒకసారి అన్నాడు, వాళ్ల బాపు సమాధానం ఇక్కడ రాయలేను.

తప్పిన ఐదింటిలో మూడు మేడారం జాతర చుట్టూ. రెండేళ్లకోసారి వచ్చేది, వదులుకోలేనన్నాడు. రోజుకొక వీడియో జాతర నుంచే పెడతానని తయారుగా ఉన్న వాటిని ఆపేసి పోయాడు. లక్షల మంది మధ్య నెట్ అందక క్లిప్ ఎక్కలేదు, పది బటన్ల కాగితం తాడ్వాయి దాటకముందే గాలికి పోయింది, మళ్లీ గంటల కొద్దీ కోయని వీడియో. వీడియోలు బయటికి వచ్చేసరికి జాతర అయిపోయి పది రోజులు. నేను పోవద్దని అనలేదు, ఇప్పటికీ అనను. కాకపోతే తయారుగా ఉన్న శనివారం వీడియోలను ఆపొద్దని గట్టిగా చెప్పాల్సింది.

ఈ కేసు తర్వాత నేను మొదటి కూర్చోవడంలో అడిగేవి మారాయి. ఎంతమంది సబ్‌స్క్రైబర్లు కావాలని అడగను. జీతం ఏ తారీఖున వస్తుంది, పని ఏ తారీఖుల్లో పీక్కుతింటుంది అని అడుగుతాను. ఒక కార్డును ఏమీ కోయకుండా ఉన్నదున్నట్టు తెమ్మంటాను. ఎడిటింగ్ కష్టమనేవాళ్లలో చాలామందికి కష్టం ఎడిటింగ్‌లో ఉండదు, ఆ కార్డు చూస్తే తెలిసిపోతుంది. అయితే ఇదే మందు అందరికీ ఇవ్వను. ఉద్యోగం లేకుండా పొద్దంతా ఖాళీగా ఉన్న ఒక కుర్రాడికి ఇదే పది బటన్ల పద్ధతి చెప్పాను, అతను ఆదా అయిన టైములో ఒకే వీడియోను ఆరుసార్లు మళ్లీ కోశాడు. అతనికి కావాల్సింది ముహూర్తమే. రాజుకు పని చేయని నా మొదటి సలహా అతనికి బాగా పని చేసింది.

పోయిన నెల రాజు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ట్రాక్టర్ శబ్దం, మధ్యలో దాన్ని ఏదో అంటున్నాడు. "అన్నా, ఐదో తారీఖు నడుస్తంది, సచ్చిపోతున్న. శనివారంది ఎక్కించిన. వచ్చే శనివారం పిల్లను చూడనీకి పోతున్నం, గదానిది గూడ ఉన్నది. బాపు కొత్త చైన్ ఏసిండు. దానికి గూడ వేస్టాయిలే పోసిండు."